ఎనిమిదవ సంతానము

పదవ తరగతి పిల్లలకు ప్రబంధకవులను గూర్చి చెప్పుచు, మేమొకనాడు సప్తసంతానముల ప్రసంగమునకు వచ్చితిమి. పుత్రుడు, తటాకము, వనము, దేవాలయము, అగ్రహారము, నిధి, కృతి అను నీ యేడును మనుష్యుడు గతించిన పిమ్మట నతని పేరు నిలుపునవి గనుక పెద్దలు వీనిని సంతానములనిరనియు, వీనిలో కాలమునకు లొంగక నిలుచునది కృతియే యని రాయలవారు పెద్దనామాత్యునితో పలికినట్లు మనుచరిత్రావతారికలో నున్నదనియు, మాకు వచ్చినంతలో రసవంతముగనే వివరించితిమి. ఇరువదేండ్లకు పైగా చెప్పుచున్న మాటలే గనుక అవి నోటికి వచ్చియున్నవి; మనస్సుతో పని లేదు. ఇట్టి సమయమున రెండవ వరుసలోని యొక బాలిక లేచి, "మాస్టారూ, అందులో కూతురు లేదేమండీ?" అని యడిగెను.

తరగతి యంతయు నవ్వెను. మేమును నవ్వి, కూతురు లేకుండుట ఆ కాలపు లోపమే కాని నీ లోపము కాదని చెప్పితిమి. ఆ బాలిక కూర్చుండలేదు. "పోనీండి మాస్టారూ, మనం చెరువు తవ్వలేదు, తోట వేయలేదు, పుస్తకం రాయలేదు. మరి మన తర్వాత వాళ్లకు మనం వదిలిపెట్టేది ఏదండీ?" అని రెండవ ప్రశ్న వేసెను. ఇంతలో గంట కొట్టిరి. ఇరువదేండ్ల యుపాధ్యాయవృత్తిలో గంటకు మేమంతగా కృతజ్ఞుడమైన దినము వేరొకటి లేదు.

మా యింటికి పోవు దారి చెరువుకట్ట మీదుగా నున్నది. ఆ చెరువును త్రవ్వించిన దెవ్వరో మా యూర నెఱిగినవారు లేరు. పేరు పోయినది, నీరు మాత్రము మా బాల్యమువఱకు నిండుగా నుండెడిది. సంతానము తండ్రిపేరు మఱచియు తన ధర్మమును మఱవలేదన్నమాట. నేడు ఆ కట్టమీద నడుచువారి కాళ్లకు మొదట తగులునవి పాలపొట్లపు కవరులు, షాంపూపొట్లములు, పెండ్లి విందులలో వాడి పాఱవైచిన ప్లాస్టిక్కు పళ్లెములు, నీళ్ల సీసాలు. గాలికెగిరిన సంచులు తుమ్మచెట్ల ముండ్లకు చిక్కుకొని, దూరమునుండి చూచువారికి ఆ చెట్లు అకాలమున పూచినట్లు తోచును. బాలిక ప్రశ్నకు మేము తరగతిలో వెదకికొన్న సమాధానము ఆ సాయంకాలము మా కాళ్లకు తగులుచుండెను.

ఇంటికి వచ్చి ఆ యేడింటిని మరల లెక్కించుకొంటిమి. అగ్రహారములు రాజులతోనే పోయినవి. ఒక కులమునకు భూమి నొసగుటయే పరమధర్మమని తలచిన కాలమును వానితోడనే పోయినది. అందులకు మేము చింతింపము. దేవాలయములకు మన కాలమున కొదువ లేదు. నిధులు బ్యాంకులలో భద్రముగా నున్నవి. కృతులు మావంటివారు వ్రాయుచునే యున్నారు. నిలుచునో నిలువవో కాలమే చెప్పవలెను. ఇక మిగిలినవి తటాకము, వనము. తక్కిన యైదును చేసినవాని పేరుతోనో, కులముతోనో, మతముతోనో ముడిపడియుండును. ఈ రెండు మాత్రము వచ్చినవాని పేరడుగవు. చెరువు గొడ్డునకును గొప్పవానికిని ఒక్కటే నీరు పోయును. చెట్టు తన్ను నఱకవచ్చినవానికిని నీడ నిచ్చును. మన మీ రెండింటినే విడిచిపెట్టితిమి.

మనమని యేల యనవలెను? మా మాటయే చెప్పెదము.

మేము పుట్టిన యేట మా తండ్రిగారు పెరటిలో నొక మామిడిమొక్కను నాటిరి. "వాడు నీ తమ్ముడురా నాయనా" అని మా తల్లిగారు బాల్యమున మాచేత దానికి చెంబుతో నీరు పోయించుచుండిరి. మా కంటె త్వరగా పెరిగి, మాకు పదేండ్లు నిండకమునుపే కాపునకు వచ్చి, ఏటేట మా యింటి ఆవకాయ జాడీని నింపుచు, ఇరుగుపొరుగుల పందిళ్లకు తోరణములిచ్చుచు, ఆ తమ్ముడు మా కంటె నెక్కువగా నలుగురకు పనికివచ్చెను. 2016 సంవత్సరమున మేము అప్పు చేసి యొక చిన్న కారు కొంటిమి. కారునకు నీడ కావలసివచ్చినది. చెట్టు క్రింద నిలిపితిమేని జీడి కారును, పక్షులు పాడుచేయును అని కొందఱు హితవు చెప్పిరి. చదువరులు నవ్వకుందురు గాక! మేము నీడకొఱకు చెట్టును కొట్టించి రేకులు కప్పించితిమి. ముప్పది యేండ్లకు పైగా పెరిగినది కూలుటకు ఒక్క పూట పట్టినది. ఆ యేడు మా తల్లిగారు ఆవకాయ పెట్టలేదు. కారణమడుగగా, "కొన్నకాయతో పెట్టే అలవాటు లేదు నాయనా" అనిరి. అంత కంటె నొక్క మాటయు ననలేదు.

ఇట్టి మనస్సుతో నున్న మాకు, నార్వే దేశమున జరుగుచున్న యొక చిత్రమైన కళాకార్యమును గూర్చిన వృత్తాంతము చదువ సంభవించినది. స్కాట్లండునకు చెందిన కేటీ పేటర్సన్ అను కళాకారిణి 2014 సంవత్సరమున, ఓస్లో నగరమునకు ఉత్తరమునగల నార్డ్‌మార్కా యడవిలో వేయి స్ప్రూస్ మొక్కలను నాటించినది. స్ప్రూస్ అనగా సూదులవంటి యాకులుగల శీతలదేశపు వృక్షము. మన దేవదారునకు దూరపు చుట్టము. ఆ యేడు మొదలుకొని యేటేట నొక్క రచయితను ఎన్నుకొని యొక గ్రంథము వ్రాయింతురు. ఆ గ్రంథమును ఎవ్వరును చదువరాదు. నూఱేండ్లు నిండిన పిమ్మట, 2114 సంవత్సరమున, ఆ వేయి చెట్లనుండి చేసిన కాగితము మీద ఆ నూఱు గ్రంథములను అచ్చొత్తింతురు. దీనికి భవిష్యద్గ్రంథాలయమని పేరు.

మొదటి గ్రంథమును కెనడా రచయిత్రి మార్గరెట్ ఆట్‌వుడ్ వ్రాసి యిచ్చినది. వెనుకటి సంవత్సరములలో ఆంగ్లేయుడగు డేవిడ్ మిచెల్, ఐస్లండు రచయిత ష్యోన్, తుర్కీ రచయిత్రి ఎలిఫ్ షఫక్, జింబాబ్వే రచయిత్రి త్సిత్సి డంగరెంబ్గా మున్నగువారు ఇచ్చిరి. తొలుదొల్త నాటిన మొక్కల చోటికి ప్రజలు కాలినడకను పోయి, చెట్లనడుమ నిలిచి, రచయిత చేతులనుండి ఆ గ్రంథము నందుకొందురు. పిదప నది ఓస్లో నగరపు డైక్‌మన్ గ్రంథాలయమున, 2022 సంవత్సరమున తెఱచిన మౌనమందిరమను చిన్న గదిలో నిక్షిప్తమగును. ఆ మొక్కలకు తావు చేయుటకై తొలగించిన పాత చెట్ల కొయ్యతోనే ఆ గది గోడలను నూఱు పొరలుగా తీర్చిరట. పొరకొక గాజు సొరుగు. లోనికి పోయినవారు గ్రంథకర్త పేరును, గ్రంథనామమును చూడవచ్చును. లోపలి యక్షరము నొక్కదానినైన చూడరాదు.

దీనిని చదివినంతనే మాకు తోచినదేమనగా, ఇది మన పెద్దలు చెప్పిన సంతానములలో రెండింటిని ఒక్క ముడివేయుట. వనమును కృతియు కవలలైనవి. వనము బ్రతికిననే కృతి వెలువడును. కృతి వెలువడవలెనను నాశచే వనమును నూఱేండ్లు కాపాడుదురు. ఒకదానికొకటి హామీగా నిలిచినవి. మఱియు నీ కార్యమును తలపెట్టిన కళాకారిణి 1981 సంవత్సరమున పుట్టినది. ఆ గ్రంథములను తాను చదువజాలదు. 2114 నాటికి వ్రాయవలసినవారిలో పెక్కండ్రు ఇంకను పుట్టలేదు. తాను రుచి చూడని ఫలమునకు మొక్క నాటుట మన తాతలకు సహజధర్మము. నేడది కళయై, దూరదేశమునుండి మాకొక వార్తయై వచ్చినది.

ఆ వృత్తాంతములో నొక ముచ్చట మాకు మఱపునకు రాదు. తరువాత 2024 సంవత్సరమున నోబెల్ బహుమానము నందిన కొరియా రచయిత్రి హాన్ కాంగ్, 2019 సంవత్సరమున తన గ్రంథము నొసగుటకు పోవునపుడు, పొడవైన తెల్లని వస్త్రము నడవిదారి వెంట నీడ్చుకొని పోయి, దానిలోనే వ్రాతప్రతిని చుట్టి యిచ్చినదట. వారి దేశమున పసికందునకు తొడుగునదియు, మృతులకై దుఃఖించువారు ధరించునదియు అట్టి తెల్లని వస్త్రమే. సంతానమను మాటకు ఇంత కంటె వ్యాఖ్యానము మా యలంకారశాస్త్రములలో మాకు కనబడలేదు. పొత్తిళ్లలో బిడ్డను పెట్టి, నేను ముఖము చూడనివారి చేతులలో పెంచుడని యిచ్చుటయే కదా యది!

ఈ ముచ్చటను మేము మరునాడు మా పాఠశాలలోని విజ్ఞానశాస్త్రోపాధ్యాయునకు చెప్పితిమి. ఆయన మంచివాడు, కాని మా ఉత్సాహమునకు వెంటనే నీళ్లు చల్లకుండ నుండలేడు. "ఏమండీ తెలుగు మాస్టారూ, వేయి చెట్లు నాటింది చివరికి నరికి కాగితం చేయడానికే కదండీ? పైగా ఆ దేశపు సంపద సముద్రంలోంచి తోడిన చమురు. లోకానికి చమురు అమ్మి, ఇంట్లో వేయి మొక్కలు పెంచుకుంటే పాపం పోతుందా?" అనెను. మాకు వెంటనే బదులు తోచలేదు. ఆయన చెప్పిన రెండును సత్యములే. చెట్టునకు కలుగు మేలు కంటె పుస్తకమునకు కలుగు కీర్తి యెక్కువగా నుండవచ్చును. ఒక్క తోట యొక్క దేశపు లెక్కను సరిచేయజాలదు.

రాత్రి పండుకొన్న పిమ్మట బదులు తోచినది. ఆ చెట్లు నఱకబడును, నిజమే. కాని 2114 వఱకు నఱకరాదని యొక నగరము మాట యిచ్చినది. మేము మా చెట్టును నఱకుటకు ముందు ఎవ్వరికిని మాట యిచ్చియుండలేదు. ఎవ్వరిని అడుగనును లేదు. మా మనుమలకు ఆ మామిడిలో భాగము కలదని మాకు తోచనే లేదు. వేయి చెట్లు లోకమును రక్షింపవు. కాని పుట్టనివానికి నేటి వస్తువులో భాగమున్నదని ఒప్పుకొని, ఆ భాగమును ప్రక్కన పెట్టుట యెట్లో అవి చూపుచున్నవి. కళ చేయగల పని యంతవఱకే. తక్కిన పని పౌరులది.

అయినను మా మిత్రుని మాటలో మిగిలిన ముల్లొకటి యుండెను. వనమును కృతిని మాత్రమే మనము సంతానములని చెప్పుకొన్నచో, అది మనకు నచ్చిన బిడ్డలను మాత్రమే లెక్కలో వ్రాయించుట యగును. మనకు నచ్చని బిడ్డ యొకటి పుట్టియున్నది. అది తక్కిన యేడింటి కంటెను దీర్ఘాయువు గలది. దానికి పేరు పెట్టుటకు మాత్రము మనకు నోరు రాదు. దానిని మేము ఎనిమిదవ సంతానమందుము.

దాని ముఖమును చూచినవారు కొందఱున్నారు. హవాయి ద్వీపమున కమిలో అను సముద్రతీరము కలదు. ప్రవాహములు పసిఫిక్కు సముద్రపు చెత్తనంతయు నచ్చటికి తెచ్చి చేర్చును. అచ్చట చలిమంటలలో కరగిన ప్లాస్టిక్కు, ఇసుకతోను, నల్లని అగ్నిశిలతోను, పగడపు ముక్కలతోను, కొయ్యపేళ్లతోను కలిసి గట్టిపడి రాళ్లయినది. కెనడాదేశపు భూగర్భశాస్త్రవేత్త్రి పట్రీషియా కోర్కొరన్, శిల్పకారిణి కెల్లీ జాజ్‌వాక్, సముద్రయాత్రికుడు చార్లెస్ మూర్ కలిసి 2014 సంవత్సరమున నొక వ్యాసమున ఈ కొత్త శిలను లోకమునకు పరిచయము చేసి, దానికి ప్లాస్టిగ్లామరేట్ అని పేరిడిరి. శాస్త్రవేత్త దానిని శిలయని వర్ణించినది. శిల్పకారిణి దానిని ఉలితో తాకక, ఉన్నదున్నట్లుగనే ప్రదర్శనశాలలో శిల్పముగా నుంచినది. తాకవలసిన పని యేమున్నది? చెక్కినవారము మనమందఱమును. మా చెరువుకట్టమీది షాంపూపొట్లమును, ఎవ్వరో సముద్రతీరమున పాఱవైచిన తాడుముక్కయు నొకే వంశమువి. పర్వతములు అగ్నినుండి పుట్టినవి, ఇసుకరాళ్లు నీటినుండి పుట్టినవి, ఈ రాయి మన సంతనుండి పుట్టినది. మన లిపిని చదువజాలని కాలము వచ్చినను, భూమిపొరలలో నిట్టి రాళ్లను కనుగొన్నవాడు మనలను గూర్చి కొంత తెలిసికొనగలడు.

ఇంత కంటెను భయంకరమైన దింకొకటి. పరమాణుశక్తిచే విద్యుత్తును చేయగా మిగులు వ్యర్థములలో ప్లుటోనియము అను ధాతువు కలదు. దానిలో నొక రకమునకు విషశక్తి సగము తగ్గుటకే 24,100 సంవత్సరములు పట్టును. ఫిన్లండు దేశమువారు ఓల్కిలూటో ద్వీపమున 400 మీటర్లకు మించిన లోతున, ప్రాచీనశిలను తొలిచి, ఆ వ్యర్థములను రాగిపాత్రలలో పెట్టి, చుట్టును మట్టి దట్టించి, కనీసము లక్ష సంవత్సరములు కదలకుండ పాతిపెట్టుటకై ఓంకాలో అను బిలమును నిర్మించిరి. దీనిపై డెన్మార్కు దేశస్థుడగు మైకేల్ మాడ్సెన్ 2010 సంవత్సరమున నొక చలనచిత్రము తీసెను. ఆయన చీకటిలో అగ్గిపుల్ల వెలిగించి, ఆ పుల్ల మండునంతసేపు, ఎన్నడో ఆ బిలములోనికి రాబోవు మనుష్యునితో మాటలాడును. ఇచ్చటికి రాకుము, ఇది నీకు తగిన చోటు కాదు అని చెప్పవలెను. ఏ భాషలో చెప్పవలెను? మన శాసనముల లిపులు రెండువేల యేండ్లలోనే పండితులకు గాని తెలియనివైపోయినవే! లక్ష యేండ్లకు ఏ యక్షరము నిలుచును? గుర్తుపెట్టి హెచ్చరింపవలెనా, లేక గుర్తే లేకుండ చేసి లోకముచే మఱపింపవలెనా యని పెద్దపెద్ద శాస్త్రజ్ఞులు ఆ చిత్రమున తర్జనభర్జన పడుచుందురు.

చదువరు లొక్క క్షణ మాలోచింతురు గాక. మన పెద్దల కాలమున నిధిని పాతిపెట్టుట సంతానములలో నొకటి. తవ్వినవాడు ధన్యుడగునని వారు పాతిపెట్టిరి. మనమును పాతిపెట్టుచున్నాము, ఎవ్వడును తవ్వకుండుగాక యని మ్రొక్కుచు పాతిపెట్టుచున్నాము. సంతానమనగా మన పేరు నిలుపునదియని యింతకాలము చెప్పితిమి. మన పేరును లోకము మఱచిననే లోకమునకు క్షేమమనునట్టి సంతానమును కనుట మానవజాతికి నిదియే మొదటిసారి కాబోలు.

కన్నబిడ్డను కాదని తప్పించుకొని తిరుగు తండ్రులను మన సంస్కర్తలు నిర్దాక్షిణ్యముగా దూషించిరి. ఆ బిడ్డయందు దోషము లేదు, కాదన్నవానియందే దోషమని వారు బోధించిరి. ఈ యెనిమిదవ సంతానమునకును అదే న్యాయము. దీనిని మాపివేయుట అన్నివేళల సాధ్యము కాదు. నాది యని యొప్పుకొనుట సాధ్యము. ఒప్పుకొన్నవాడే ఇంకొకటి కనకుండ జాగ్రత్తపడును.

ఐస్లండువారు అట్లొప్పుకొన్నారు. ఆ దేశమున ఓక్ అను పర్వతము మీద నొక హిమానీనదము కలదు, కాదు, ఉండెను. 1890 ప్రాంతమున సుమారు 16 చదరపు కిలోమీటర్లు పరచుకొనియున్న ఆ మంచు 2012 నాటికి ఒక్క చదరపు కిలోమీటరైన లేకపోయినది. తన బరువుచే తాను కదలజాలని మంచు హిమానీనదము కాదని 2014 సంవత్సరమున దానికి ఆ పేరు తీసివేసిరి. 2019 ఆగస్టు 18వ తేదీన జనులు ఆ కొండనెక్కి, మరణించినవారికి చేయునట్లే, ఒక బండకు ఇత్తడిరంగు లోహఫలకమును బిగించిరి. భవిష్యత్తునకు లేఖ అని దాని శీర్షిక. ఆండ్రి స్నైర్ మాగ్నసన్ అను రచయిత దానిని వ్రాసెను. రాబోవు రెండువందల యేండ్లలో తక్కిన హిమానీనదములును ఈ త్రోవనే పోవచ్చునని చెప్పి, జరుగుచున్నది మాకు తెలియకపోలేదని యొప్పుకొని, మేము చేయవలసినది చేసితిమో లేదో తీర్పు చెప్పుటకు మీరే తగినవారని చదువువారికే విడిచిపెట్టినాడు. క్రింద ఆనాటి వాయువులో కలిసిన బొగ్గుపులుసువాయువు లెక్క: పదిలక్షల పాళ్లకు 415. బిరుదములు లేవు, ప్రశస్తి లేదు. శిలాశాసనమునందు తన దోషమును తానే వ్రాసికొన్నవారిని మేమింతకుముందు విని యుండలేదనుకొంటిమి.

అంతలో మాకొక శాసనము జ్ఞప్తికి వచ్చినది. మన కడప సీమలోని పోరుమామిళ్ల చెరువునకు 1369 సంవత్సరమున వేయించిన సంస్కృతశాసనము కలదు. బుక్కరాయల కుమారుడగు భాస్కరభవదూరుడు ఆ చెరువును త్రవ్వించెను. దినమునకు వేయిమంది కూలీలు, నూఱు బండ్లు, రెండేండ్లు పనిచేసిరని అందున్నది. ఆ శాసనమున రాజప్రశస్తితోపాటు, చెరువునకు కావలసిన పండ్రెండు సాధనములను లెక్కించి వ్రాసిరి: గట్టిమట్టిగల నేల, దూరమునుండి వచ్చు తియ్యని యేఱు, చుట్టును కొండ, రాతికట్ట, పని తెలిసిన జనము మొదలైనవి. అంతటితో విడువక చెరువునకు గల యాఱు దోషములనుగూడ చెక్కిరి: కట్టనుండి నీరూరుట, చవిటినేల, రెండు రాజ్యముల పొలిమేర, చెరువునడుమ మిట్ట, నీరు తక్కువయై పారవలసిన పొలము మిక్కుటమగుట, నీరెక్కువయై చోటు చాలకుండుట. ఎవ్వరికొఱకు చెక్కిరి? తమ చెరువు నిండియే యున్నది. తరువాత త్రవ్వబోవువారికొఱకు చెక్కిరి. ఇట్లు చేయుడనియు, ఇట్లు చేయకుడనియు రెండును చెప్పిన పిమ్మటగాని బిడ్డకు ఆస్తి యప్పగించినట్లు కాదని వారికి తెలిసియుండవలెను.

కాబట్టి మాకు తోచినదిది. మన కాలపు కళలో నింతకాలము సాధనములే చెక్కుచుంటిమి. దోషములను చెక్కుట యిపుడు మొదలైనది. ఓస్లో యడవి సాధనశాసనము. కమిలో రాయియు, ఫిన్లండు బిలమును గూర్చిన చిత్రమును, ఐస్లండు ఫలకమును దోషశాసనములు. రెండును గలిసిననే మనము మన వెనుకటివారికి నిజము చెప్పినవార మగుదుము. దోషములు లేని శాసనము ప్రశస్తి యగును. సాధనములు లేని శాసనము శోకమగును. పుట్టబోవువానికి ప్రశస్తితోగాని శోకముతోగాని పని లేదు.

ఇంత దూరము తిరిగి వచ్చిన పిమ్మట మా పాఠశాల సంగతి చెప్పకున్న బాగుండదు. ఏటేట వానకాలమున మేము వనమహోత్సవము జరుపుదుము. పెద్దలు వత్తురు, మొక్క నాటుదురు, ఫోటోగ్రాఫు తీయుదురు, పోవుదురు. వేసవికి మొక్కయును పోవును. గుంత మాత్రము పోదు. మరుసటి యేడు మరల గుంత త్రవ్వు శ్రమ లేకుండ అదే గుంతలో నాటుదుము. ఒక్క గుంతలో నాలుగేండ్లు నాలుగు మొక్కలు నాటిన ఘనత మాది. నాలుగు ఫోటోగ్రాఫులును ప్రధానోపాధ్యాయుని గది గోడమీద నున్నవి.

ఆ బాలికకు మరుసటి వారమున సమాధానము చెప్పితిమి. మనము విడిచిపోవునది ఎనిమిదవదని చెప్పి, చెరువుకట్టమీదికి తరగతినంతయు తీసికొనిపోయి చూపితిమి. తిరిగి వచ్చిన పిమ్మట ఆ గుంతలోనే యొక మామిడిమొక్క నాటితిమి. పెద్దల నెవ్వరిని పిలువలేదు. గట్టి అట్టగల యొక నోటుపుస్తకము కొని యిచ్చితిమి. ఏ దినమున ఎవ్వరు నీరు పోసిరో అందు వ్రాయవలెను. పదవ తరగతి వారు పోవునపుడు తొమ్మిదవ తరగతి వారికి ఆ పుస్తకమును, మొక్కను అప్పగించి సంతకము చేయవలెను. ఎడమ పుటలో సాధనములు, కుడి పుటలో దోషములు వ్రాయవలెనని నియమము పెట్టితిమి. నీరు పోయుట మఱచిన దినమునుగూడ వ్రాయవలెను.

దోషములపుటలో మొదటి వాక్యము మీరే వ్రాయుడని పిల్లలు పట్టుపట్టిరి. మేము కొంతసేపు ఆలోచించి, మంచి యక్షరములతో, "2016 సంవత్సరమున ఒక మామిడిచెట్టు కొట్టివేయబడెను" అని వ్రాసితిమి. ఆ బాలిక పుస్తకము నందుకొని చదివెను. కర్తరి కర్మణి ప్రయోగములను దానికి నేర్పినవారము మేమే.

"మాస్టారూ, ఇందులో కర్త లేడేమండీ?" అనెను.

ఈసారి ఎవ్వరును నవ్వలేదు, గంటయును కొట్టలేదు. మేము పుస్తకమును తిరిగి పుచ్చుకొని, ఆ వాక్యమును కొట్టివేసి, మా పేరు మొదట పెట్టి, దానిని మరల వ్రాసితిమి.